ఆ నెల పడని వాన

ఆ వీధిలో ఆమెను అందరూ వానమ్మ అనే పిలిచేవాళ్ళు. చేసే పని మాత్రం బట్టలు కుట్టడం. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, బల్ల మీద కత్తిరించి పెట్టిన గుడ్డలు, తలుపు వెనక కొక్కేనికి వేలాడే స్కూలు యూనిఫారాలు. దారిన పోయేవాళ్ళు కిటికీలోంచే కాలరు చిరిగిన చొక్కా అందించి, "సాయంత్రానికి కావాలి వానమ్మా" అనేవాళ్ళు. "సాయంత్రమంటే ఏ వారం సాయంత్రం?" అని ఆమె కళ్ళద్దాల పైనుంచి చూసేది. అలా అంటూనే సాయంత్రానికి ఇచ్చేసేది.

వానమ్మ అన్న పేరు ఆమెకు భర్త వల్ల వచ్చింది. ఆయన వాతావరణ ఆఫీసులో పని చేసేవాడు. విశ్వవిద్యాలయం ల్యాబు వాళ్ళు వాననీళ్ళు పట్టే పరికరం పెట్టడానికి చోటు వెతుకుతూ వస్తే, ఆఫీసు డాబా మీద నీళ్ళ ట్యాంకు అడ్డమొస్తోందని తన ఇంటి డాబా చూపించాడు. పరికరమంటే పెద్ద యంత్రమేమీ కాదు. ఇనుప కాళ్ళ మీద ఒక గరాటు, దాని నుంచి కిందికి దిగే సన్నటి గొట్టం, మూత బిగించిన ఒక డబ్బా. నెలంతా పడిన వాన ఆ డబ్బాలోకి చేరుతుంది. నెలాఖరున అందులోంచి ఒక చిన్న సీసాను అంచుదాకా నింపి, లోపల గాలి బుడగ లేకుండా మూత బిగించి, పార్సిల్లో ల్యాబుకు పంపాలి.

"లోకంలో అందరూ నీళ్ళు తాగడానికి పట్టుకుంటారు, మీరు పోస్టు చేయడానికి పట్టుకుంటున్నారు" అని ఆమె నవ్వేది.

"నవ్వకే. ప్రతి వానకూ ఓ కథ ఉంటుంది. సముద్రం నుంచి ఎంత దూరం వచ్చింది, దార్లో ఎక్కడెక్కడ కురిసింది, అంతా ఆ నీళ్ళు చూసి చెప్పేస్తారు వాళ్ళు" అనేవాడాయన, సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుని బుడగ కోసం వెతుకుతూ.

ఒక ఉదయం ఆఫీసుకు బయల్దేరుతూ, బూట్ల లేసులు కట్టుకోవడానికి కుర్చీలో కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. పిల్లలు లేరు. ఇంట్లో మిగిలింది ఆమె, ఆమె అత్తగారు.

కొన్నాళ్ళకు ల్యాబు నుంచి ఒకావిడ వచ్చింది. వానల మీద పరిశోధన చేసే మనిషి. పలకరించి, ఆ పరికరాన్ని తీసుకెళ్ళిపోతామని మొహమాటంగా చెప్పింది.

"ఉండనివ్వండి. నేను పట్టి పంపిస్తాను" అంది వానమ్మ.

"మీకు ఇబ్బందేమో..."

"గుండీకి కాజా కుట్టే చేతులండీ ఇవి. సీసాకు మూత బిగించలేవా?"

అలా ఆ పని ఆమెది అయింది. ఏ కాలంలోనైనా నెలకో జల్లయినా పడేది, ఏ నెలా తప్పలేదు. జ్వరంలో కూడా డాబా ఎక్కింది. ఆమె సీసా పట్టుకుని పార్సిలు ఆఫీసుకు నడుస్తుంటే టీ కొట్టు అతను "వానమ్మ వెళ్తోంది, గొడుగులు తెచ్చుకోండర్రా!" అని అరిచేవాడు.

అత్తగారికి ఎనభై దాటాయి. మోకాళ్ళు అరిగిపోయాయి కానీ నోరు అరగలేదు. కొడుకు పోయినప్పుడు బంధువులు, "ఇంకా కోడలి పంచనే ఉంటావా? కూతురి దగ్గరికి వెళ్ళిపోరాదూ?" అన్నారు. "నా కూతురు నేనేమన్నా సరే అంటుంది. మగ్గిన పండులా అంత మెత్తన నాకు పడదు. ఇది ఎదురు చెబుతుంది. దీంతో రోజుకోసారి పోట్లాడితేగాని నాకు తిన్నది అరగదు" అంది. నిజానికి ఇద్దరూ పోట్లాడుకోవడం తక్కువ. వానమ్మ మిషను తొక్కుతుంటే పక్కన పీట వేసుకుని, కనపడని కళ్ళతోనే పాత కుట్లు విప్పుతూ కూర్చునేది ముసలామె. సగం కుట్లతో పాటు కొంత గుడ్డ కూడా విప్పేసేది. కోడలు ఏమీ అనకుండా తరవాత అతుకు వేసుకునేది.

ఆ ఏడాది వానలు మొహం చాటేశాయి.

మబ్బులు రాలేదని కాదు. చుట్టాల్లా వచ్చాయి, గుమ్మం దగ్గర నిలబడ్డాయి, కూర్చోమనేలోపు వెళ్ళిపోయాయి. కుళాయి నీళ్ళు వారానికోసారి రావడం మొదలైంది. వీధిలో బిందెలు, బకెట్లు బారులు తీరాయి. ఎవరి నోట విన్నా అదే మాట. వానాకాలం సగం గడిచేసరికి వానమ్మ డాబా మీదికెళ్ళి డబ్బాను చేతిలోకి తీసుకుని కదిపి చూసింది. చప్పుడు లేదు. మర్నాడూ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది.

నెలాఖరు దగ్గర పడ్డకొద్దీ ఆమెకు ముద్ద దిగలేదు. మిషను ముందు కూర్చుని కిటికీలోంచి ఆకాశం చూస్తూ ఉండిపోయేది. ఒకరోజు ఒక చొక్కాకు రెండు కుడి చేతులు కుట్టేసింది.

"ఏమైందే నీకు?" అంది అత్తగారు.

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఇద్దరు కుడిచేతి వాళ్ళకు ఒకే చొక్కా ఎందుకు కుడతావ్? చెప్పు."

వానమ్మ గుడ్డను మడతపెట్టి పక్కన పెట్టింది. "ఈ నెల సీసా పంపడానికి ఏమీ లేదు అత్తయ్యా."

"వాన పడకపోతే అది నీ తప్పా?"

"తప్పని కాదు." "ఆ సీసా పంపిన రోజు, ఆయన ఇంకా ఉద్యోగానికి వెళ్తున్నట్టే ఉంటుంది నాకు. పంపకపోతే..."

ఆ మాట పూర్తి చేయలేదు. ముసలామె విప్పుతున్న కుట్టు వైపు చూస్తూ కూర్చుంది.

రెండు రోజుల తరవాత వానమ్మ అక్కకు కంటి ఆపరేషను అని కబురొచ్చింది. పక్కింటావిడకు అత్తగారిని అప్పగించి, రెండు పూటలకు సరిపడా వండిపెట్టి బయల్దేరింది. అక్కకు కట్టు విప్పేదాకా ఉండి తిరిగొచ్చేసరికి ముసలామె గుమ్మంలోనే ఎదురైంది.

"నువ్వట్లా వెళ్ళావో లేదో, ఇట్లా వాన పడిందే!"

"వానా? ఎప్పుడు?"

"నిన్న మధ్యాహ్నం. ఒక జల్లు. మన ఇంటి మీదే పడింది. పక్కింటికి కూడా పడలేదు."

వానమ్మ సంచీ అక్కడే పడేసి డాబా మీదికి పరుగెత్తింది. డబ్బా ఎత్తితే బరువుగా ఉంది. లోపల నీళ్ళు కదిలాయి. ఆ చప్పుడు విని ఆమె అక్కడే, ఎండలో కాలిపోతున్న గచ్చు మీద కూర్చుని ఏడ్చేసింది. కింద నుంచి అత్తగారు "పడిందా లేదా?" అని అరుస్తోంది. "పడింది అత్తయ్యా, పడింది!" అని పైనుంచి అరిచింది.

పార్సిలు ఆఫీసుకు వెళ్తూ టీ కొట్టు దగ్గర ఆగి, "మొన్న జల్లు పడిందట కదా" అంది. అతను ఆకాశం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "ఎవరన్నారు?" అన్నాడు. ఆమె ఇంకేమీ అడగలేదు. గబగబా నడిచి వెళ్ళి సీసా పంపేసింది.

కొన్ని వారాల తరవాత పరిశోధకురాలు ఫోన్ చేసింది.

"ఈసారి పంపిన నీళ్ళ గురించి అడుగుదామని చేశానండీ. ఆ వాన పడుతున్నప్పుడు మీరు చూశారా?"

"లేదండీ, ఊళ్ళో లేను. మా అత్తయ్య చూశారు."

"వచ్చే వారం అటు వైపు పనుంది. ఒకసారి ఇంటికి రావచ్చా?"

ఫోన్ పెట్టేసరికి ముసలామె పీట మీద నుంచి లేచి నిలబడి ఉంది. "ఎవరు? ఆ సీసాలమ్మాయా? ఎందుకొస్తుందట?"

"నీళ్ళ గురించి ఏదో అడగాలట."

"నాకు ఒంట్లో బాగాలేదు" అని ముసలామె వెళ్ళి పడుకుంది. పరిశోధకురాలు వచ్చే రోజున మరీ బాగాలేదు. ఉక్కపోతకు గోడలు చెమటలు పడుతుంటే దుప్పటి తలమీదిదాకా కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుంది.

మంచం ఉన్న గది, వంట గది పక్కపక్కనే. పరిశోధకురాలు వంటగదిలో స్టూలు మీద కూర్చుంది. స్టవ్ మీద టీ నీళ్ళు మరుగుతున్నాయి. ఆవిడ సంకోచిస్తూనే మొదలుపెట్టింది.

"ఏమీ అనుకోకండి. ఆ నీళ్ళు వాననీళ్ళు కావండీ. చాలా రోజులు ఎండలో నిలవున్న నీళ్ళు."

వానమ్మ చేతిలో గ్లాసు ఆగిపోయింది. "అట్లా అని ఎలా తెలుస్తుంది?"

"నీళ్ళన్నీ చూడటానికి ఒకటే. కానీ అందులో కొన్ని అణువులు మామూలు వాటికన్నా కొంచెం బరువుంటాయి. చాలా కొద్ది. తాగినా తేడా తెలీదు, తూకం వేసినా తెలీదు, మా మిషనుకే తెలుస్తుంది. ఇదిగో, ఈ గిన్నె చూడండి. ఆవిరి పోతోంది కదా? తేలికవి ముందు ఎగిరిపోతాయి. బరువువి వెనకబడతాయి. నీళ్ళు ఎండలో ఎంత కాలముంటే మిగిలిన నీళ్ళు అంత బరువెక్కుతాయి."

"ఎండిపోతున్న రోజుల్లో వాన కూడా బరువుగానే పడుతుందని ఆయన చెప్పేవారే?"

"అవును, వాన తక్కువైన నెలల్లో బరువే. కానీ బరువులో రెండు రకాలున్నాయి. ఆకాశం నుంచి పడిన వానలో ఆ రెండూ జోడుగా పెరుగుతాయి, జోడుగా తగ్గుతాయి. తొట్లోనో చెరువులోనో ఎండిన నీళ్ళలో ఆ జోడు తప్పిపోతుంది. మీరు పంపిన నీళ్ళలో బాగా తప్పింది."

పక్క గదిలో మంచం కిర్రుమంది.

"అంటే నేను చెప్పకుండానే నీళ్ళే చెప్పేశాయా?" అని దుప్పటిలోంచి గొంతు వినిపించింది.

ఇద్దరూ అటు తిరిగారు. ముసలామె దుప్పటి తీసేసి, చెమటతో తడిసి ముద్దయిన మొహంతో లేచి కూర్చుంది. "పెరట్లో బట్టలుతికే తొట్టి ఉంది. అందులో అడుగున కాసిని నీళ్ళు ఉన్నాయి. మంచినీళ్ళు పోద్దామంటే ఈ కరువులో చేతులు రాలేదు. అందుకని తొట్టి నీళ్ళే డాబా మీది గరాటులో పోశాను. ఇంత రహస్యం ఆ నీళ్ళకు తెలుసని నాకేం తెలుసు? దీన్నేమీ అనకమ్మాయ్. దీనికేం తెలీదు. తినడం మానేసింది. కొడుకు పోయాక ఇది కూడా అట్లా అయిపోతుంటే చూడలేక చేశాను. ఏమైనా చేస్తే నన్ను చెయ్యి."

పరిశోధకురాలు నవ్వింది. వానమ్మ నవ్వలేదు. వచ్చి మంచం దగ్గర నేల మీద కూర్చుని అత్తగారి కాళ్ళు పట్టుకుంది.

"ఆ మెట్లు ఎలా ఎక్కారు మీరు?"

"ఎక్కలేదే. కూర్చున్నాను. చెంబు ఒక మెట్టు పైన పెట్టడం, వెనక్కి తిరిగి నేను ఒక మెట్టు పైకి జరగడం. దిగేటప్పుడూ అంతే. చెంబు ఖాళీ కాబట్టి సులువుగా దిగాను."

"పడితే?"

"పడలేదుగా."

వానమ్మ ఆ మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. ముసలామె కోడలి జుట్టు సవరిస్తూ, పరిశోధకురాలి వైపు చూసి, "టీ పొంగిపోతోంది, ఆపమ్మా" అంది.

టీ తాగుతూ పరిశోధకురాలు అసలు సంగతి చెప్పింది. వాన లేని నెలకు సీసా అక్కర్లేదు. వాన పడలేదని ఒక మాట చెబితే చాలు, అది కూడా వాళ్ళకు కావలసిన సమాచారమే. ఈ కరువులాంటివి ఇంతకుముందు ఎప్పుడెప్పుడు వచ్చాయో తెలిస్తే రాబోయేవాటి గురించి కొంతైనా ఊహించవచ్చు. మనుషులు కొలవడం మొదలుపెట్టకముందు పడిన వానల జాడ కూడా దొరుకుతుంది. కొండ గుహల్లో పైకప్పు నుంచి వాననీరు బొట్టుబొట్టుగా కారి, కింద సున్నం పేరుకుని రాయిలా పెరుగుతుంది. ఏ ఏడాది పొరలో ఆ ఏడాది వాన బరువు నిలిచిపోతుంది.

ముసలామె గ్లాసు కింద పెట్టింది. "నా చిన్నప్పటి కరువు కూడా ఉంటుందా అందులో?"

"ఎప్పటిదండీ?"

"నాకు పాలపళ్ళు ఊడుతున్న వయసు. రెండేళ్ళు చుక్క వాన లేదు. మూడో ఏడు వరదొచ్చింది. ఎవరికి చెప్పినా నమ్మరు. మా ఆయన నవ్వేవాడు. రెండేళ్ళు వాన లేకపోతే మనుషులుంటారా, చిన్నపిల్లవి, రోజు నెలలా అనిపించి ఉంటుంది అనేవాడు. నా కొడుకు ఆఫీసు కాగితాలన్నీ వెతికాడు. అమ్మా, మా ఆఫీసు అప్పటికి ఇంకా పుట్టలేదు అన్నాడు. అప్పటివాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఒక్కోసారి నాకే అనుమానమొస్తుంది, కలగన్నానేమోనని."

వానమ్మ ఈ కరువు మాట చాలాసార్లు వింది. ముసలివాళ్ళు చెప్పే మాటల్లో ఒకటిగా విని వదిలేసింది. ఇంత నెమ్మదిగా చెప్పడం మాత్రం ఎప్పుడూ వినలేదు.

"ఈ చుట్టుపక్కల కొండల్లోని గుహ నుంచి తెచ్చిన రాయి ఒకటి మా దగ్గర ఉంది పెద్దమ్మగారూ. అందులో వెతుకుతాను. ఉంటే తప్పకుండా చెబుతాను" అంది పరిశోధకురాలు.

చలి మొదలయ్యాక పరిశోధకురాలి నుంచి కబురొచ్చింది. చెప్పడం కాదు, వచ్చి చూడండి అంది. ఇద్దరూ పొద్దున్నే బస్సెక్కారు. ముసలామె కొడుకు పాత కోటు వేసుకుంది. భుజాలు జారిపోతున్నాయి. "కాస్త బిగించి కుడతాను" అని కోడలంటే, "వద్దు, వాడి కొలతలే ఉండనీ" అంది.

ల్యాబు అంటే తెల్లగా మెరిసే పెద్ద హాలు అనుకున్నారు. తీరా చూస్తే ఇరుకు గది. బీరువా అంత మిషను ఒకటి గుర్రుమంటూ ఉంది. అరల నిండా సీసాలు. ఒక అరలో మూతల మీద అంటించిన చీటీలు చూసి వానమ్మ ఆగిపోయింది. కొన్నిటి మీద ఆయన దస్తూరీ, ఆ తరవాతి వాటి మీద తనది. ఒకటి పట్టుకుని చూడబోయి, ముట్టుకోవచ్చో లేదోనని చేయి వెనక్కి తీసుకుంది.

"తీసుకోండి, మీవే" అంది పరిశోధకురాలు.

ముసలామెను కుర్చీలో కూర్చోబెట్టి, నున్నగా కోసి మెరుగుపెట్టిన రాతి ముక్క ఒకటి ముందు పెట్టింది. అరచేయంత ఉంది. తేనె రంగులో సన్నటి చారలు, ఒకదాని మీద ఒకటి. పెద్ద అద్దం కింద పెట్టి సూదితో ఒకచోట చూపించింది.

"ఈ రెండు చారలు చూడండి. చాలా సన్నగా ఉన్నాయి. ఆ రెండేళ్ళూ రాయి పెరగనే లేదన్నంతగా. వాటిలో బరువు చాలా ఎక్కువ. అంటే వాన దాదాపు లేదు. వాటి మీద ఈ వెడల్పు చార చూడండి, చాలా తేలిక. అంత తేలికగా ఉందంటే కుండపోతగా కురిసి ఉండాలి. ఒకటి రెండేళ్ళు అటూ ఇటూగా మీరు చెప్పిన కాలమే."

ముసలామె అద్దంలోకి వంగి చాలాసేపు చూసింది. ఆమె కళ్ళకు ఎంత కనిపించిందో తెలీదు. తరవాత వేలితో ఆ రాయిని తడిమింది.

"ఇంత సన్నగా ఉందా అది!" అంది. "నాకు ఎంత పెద్దగా ఉండేదో!"

మిషను గుర్రుమంటూనే ఉంది.

"ఈ రాయి చదవడం మాకు మొదట్లో రాలేదండీ" అని పరిశోధకురాలు వానమ్మతో అంది. "వాన ఎక్కువ పడితే తేలికా, తక్కువైతే బరువా, ఈ ప్రాంతంలో అది ఎంత నిక్కచ్చిగా ఉంటుంది, ఇవన్నీ తెలియాలంటే ఇప్పటి వానలు ఏళ్ళ తరబడి కావాలి. మీ డాబా మీద పట్టినవే అన్నిటికన్నా ఎక్కువ కాలం ఆగకుండా వచ్చాయి. మీవారు పంపినవి, మీరు పంపినవి. వాటిని చూసే ఇది నేర్చుకున్నాం."

ముసలామె తలెత్తింది. "అయితే మావాడు పట్టిన నీళ్ళ వల్లే ఇది తెలిసిందా?"

"అవునండీ."

"వాడికి తెలుసా ఇది?"

"అప్పటికి మాకే తెలీదండీ."

ముసలామె తల ఊపింది. కోటు చేతిని ముందుకు లాక్కుని కళ్ళు తుడుచుకుంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చోబెడితే, కాసేపు బయటికి చూసి, తనంతట తనే మొదలుపెట్టింది.

"నాకో తమ్ముడుండేవాడే."

వానమ్మ తిరిగి చూసింది. ఇన్నేళ్ళలో ఆ మాట వినలేదు.

"కరువు మొదలైన ఏడు పుట్టాడు. బుజ్జిగాడనే వాళ్ళం. పేరు పెట్టేంత తీరికెవరికి? నేనే ఎత్తుకు తిరిగేదాన్ని. మా అమ్మ నీళ్ళ కోసం వెళ్తే సాయంత్రానికి వచ్చేది. వాణ్ణి ఊరుకోబెట్టడానికి వాన పాట పాడేదాన్ని. వాన అంటే ఏంటక్కా అన్నట్టు చూసేవాడు. వాడు పుట్టాక వాన ఎక్కడిది? రెండో ఏడు పోయాడు. మూడో ఏడు తొలి వాన పడిన రోజు అందరూ వీధిలోకొచ్చి గంతులేస్తుంటే నేను లోపలే కూర్చున్నాను. వాన చూడకుండా పోయాడే వాడు. ఎవరికి చెప్పను? కరువే అబద్ధమంటే, వాడూ అబద్ధమేగా."

"నాకు ముందే చెప్పాల్సింది అత్తయ్యా."

"చెబితే నువ్వు తినడం మానేస్తావు."

వానమ్మ ఆమె చేయి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. కుట్లు విప్పీ విప్పీ గరుకెక్కిన వేళ్ళు. "వాడు ఎలా ఉండేవాడు?" అని అడిగింది. ముసలామె చెప్పింది. చెవులు పెద్దవట. నవ్వితే ఎక్కిళ్ళొచ్చేవట. అక్క జడ పట్టుకోకుండా నిద్రపోయేవాడు కాదట. చెబుతూ చెబుతూ మాటలు మందగించాయి. తల వాలి కోడలి భుజం మీద ఆగింది. సన్నగా గురక మొదలైంది.

బస్సు వాళ్ళ వీధి మలుపు దగ్గర ఆగింది. టీ కొట్టు, దాని పక్కన ఖాళీ బకెట్లు, వాళ్ళ ఇంటి కిటికీ కనిపించాయి. వానమ్మ కదల్లేదు. బస్సు బయల్దేరింది.

కండక్టరు వెనక్కి తిరిగి చూసి దగ్గరికొచ్చాడు. "అమ్మా, మీ స్టాపు దాటిపోయింది."

"తెలుసు బాబూ. కాస్త మెల్లగా" అంది ఆమె. "ఆవిడ నిద్రపోతోంది. చివరిదాకా వెళ్ళి ఇదే బస్సులో వెనక్కి వస్తాం. ఇంకో రెండు టికెట్లు ఇవ్వు."